చేటెడు రాగులు

అక్కయమ్మ బొమ్మసానిపల్లికి కోడలిగా వచ్చిన ఏడాదే, అత్త చిక్కమ్మ ఆమెను వెంటబెట్టుకుని కాన్పులకు తిరగడం మొదలుపెట్టింది. గూళూరుకు నాలుగు మైళ్ళ దూరంలో, రాళ్ళగుట్టల నడుమ, కన్నడ సీమ అంచున నూటఇరవై గడపల తెలుగు ఊరు అది. వాళ్ళదీ సేద్యగాళ్ళ ఇల్లే. మూడెకరాల మెట్ట ఉండేది. వాన పడితే చేను, పడకపోతే బీడు. ఆ ఇంటిని నిలబెట్టింది నేల కాదు, చిక్కమ్మ చేతులు. ఆ ఊళ్ళోనూ, చుట్టుపక్కల రెండు పల్లెల్లోనూ నలభై ఏళ్ళలోపు మనుషులందరూ ఆ చేతుల్లో పడి ఏడ్చినవాళ్ళే.

కాన్పు కూలి గురించి అక్కడ ఎవరూ నోరు తెరిచి మాట్లాడేవారు కాదు. రాగి నూర్పిళ్ళప్పుడు, కళ్ళంలో కుప్ప కొలవకముందే, ఆ ఏడు ఇంట్లో బిడ్డ పుట్టినవాళ్ళు చేటెడు రాగులు తీసి మంత్రసానికని పక్కన పెట్టేవారు. మగబిడ్డయితే రెండు చేటలు. బిడ్డ దక్కకపోయినా ఒక చేట మాత్రం తప్పేది కాదు. పదకొండో నాటి స్నానానికి రవికగుడ్డ, కొబ్బరి చిప్ప. లేనివాళ్ళు గుమ్మడికాయ తెచ్చేవారు, కందికట్టె మోపు తెచ్చేవారు. ఏమీ లేనివాళ్ళు ఒకరోజు వచ్చి చేలో కలుపు తీసి పోయేవారు. ఇంటి వెనక పాతరలో రాగులు ఏడాది పొడుగునా ఉండేవి.

"నొప్పులు పడే ఇంటి ముందర నిలబడి ఎంతిస్తారని అడిగే నోరు పురుగులు పడి పోతాదే," అనేది చిక్కమ్మ కోడలితో. "మనం అడగకూడదు. వాళ్ళు మరవకూడదు. అంతే."

పెళ్ళయిన ఆరేళ్ళకు అక్కయమ్మ భర్త కృష్ణప్ప బావి తవ్వుతూ మట్టిపెళ్ళ విరిగిపడి చనిపోయాడు. అంతకుముందే ఆమెకు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. ఇద్దరూ ఎనిమిదో రోజు దాటలేదు. దవడలు బిగుసుకుపోయి, చన్ను పట్టలేక, వెన్ను విల్లులా వంగి పోయారు. గాలి సోకిందన్నారు. ఊళ్ళో ఏటా ఐదారుగురు పిల్లలు అట్లాగే పోయేవారు కాబట్టి, ఎవరూ దాన్ని వింతగా అనుకోలేదు.

పంతొమ్మిది వందల యాభయ్యేడులో, ఎండాకాలంలో, ఊళ్ళోకి జీపు వచ్చింది. యర్రగుట్టలో కొత్తగా కట్టిన సర్కారు ఆరోగ్య కేంద్రం నుంచి జయలక్ష్మమ్మ అనే నర్సు దిగింది. గౌరిబిదనూరు మనిషి, ముప్పై దాటలేదు, తెల్లచీర, చేతికి గడియారం. పల్లెల్లోని మంత్రసానులకు నెలరోజులు తరబేతి ఇచ్చి, కాన్పుల పని నేర్పిస్తారని, వచ్చినవాళ్ళకు రోజుకు అర్ధరూపాయి బత్తెం ఇస్తారని చెప్పింది. చిక్కమ్మ నవ్వింది. "నాకు నేర్పేదానికి ఈ బిడ్డ పుట్టిందా?" అంది. అక్కయమ్మ మాత్రం వెళ్ళింది.

తరబేతిలో మూడోనాడు జయలక్ష్మమ్మ బల్లమీద ఒక కొడవలి పెట్టింది. తుప్పు పట్టిన, గడ్డి కోసే మామూలు కొడవలి. బొడ్డు దీంతోనే కోస్తారు కదా అని అడిగింది. అందరూ అవునన్నారు. ఎనిమిదో రోజు బిడ్డను చంపే జబ్బు ఈ ఇనుము మీద, దీనికంటిన పేడ మీద, మట్టి మీద ఉంటుందని, నీళ్ళు మరగబెట్టి అందులో వేసిన కత్తెరతో కోస్తే ఆ జబ్బు రాదని చెప్పింది. మిగతా ఆడవాళ్ళు కొడవలి వంక చూశారు. అక్కయమ్మ లేచి నిలబడింది.

"అయితే అమ్మా, నా బిడ్డలిద్దర్నీ కొట్టింది గాలి కాదా?"

జయలక్ష్మమ్మ కొడవలిని పక్కకు జరిపింది. తర్వాత మెల్లగా, "కాదమ్మా," అంది.

ఆ రెండు కాన్పుల్లోనూ కొడవలి పట్టుకున్నది చిక్కమ్మ. అక్కయమ్మ ఆ మాట అత్తకు చెప్పలేదు. ఆమె బతికినన్నాళ్ళూ చెప్పలేదు.

నెల చివర ఒక్కొక్కరికి ఒక అల్యూమినియం పెట్టె ఇచ్చారు. అందులో కత్తెర, ఎనామెల్ గిన్నె, గోళ్ళు తోమే బ్రష్షు, సబ్బు, దారపుండ, మందునీళ్ళ సీసా. పెట్టె మూతమీద తెల్లరంగుతో పదిహేడు అని అంకె వేసి ఉంది. అది అక్కయమ్మ నంబరు. కేంద్రం గుమాస్తా రామచంద్రప్ప కన్నడంలో రాసిన కాగితం ముందర పెట్టి, తెలుగులో చదివి చెప్పాడు.

"ఇంక మీదట కాన్పుకు మూడు రూపాయలు సర్కారే ఇస్తాది. ఇంటోళ్ళ దగ్గర దుడ్డు గానీ, ధాన్యం గానీ, బట్ట గానీ తీసుకోగూడదు. బీదోళ్ళ మీద భారం పడగూడదని సర్కారు చేసిండే కట్టడి ఇది. తీసుకున్నట్ల తెలిస్తే నీ నోందణి రద్దు."

"నోందణి అంటే ఏందప్పా?"

"నీ పేరు మా పుస్తకంలో ఉండేది."

అక్కయమ్మకు ఆ కట్టడి తప్పుగా అనిపించలేదు. ఇచ్చుకోలేక, మొహం చాటేసుకుని తిరిగే ఇళ్ళు ఆమెకు తెలుసు. వేలిముద్ర వేసింది.

ఇంటికొచ్చి చెబితే చిక్కమ్మ, చూపు సగం పోయిన కళ్ళు చికిలించి, ఒక్క ప్రశ్న అడిగింది. "మూడు రూపాయలు ఇచ్చేవాడు యాడుంటాడు?"

"యర్రగుట్టలో."

"కాన్పయ్యేది ఈడ, ఇచ్చేవాడు యర్రగుట్టలో. వాని పెండ్లానికి నొప్పులు రాలే, వాని ఇంట్లో బిడ్డ ఏడవలే. వానికి గుర్తెట్లుంటాదే?"

ఆ నెలలోనే ఊళ్ళో టముకు వేశారు. కాన్పు చేసిన దాయికి, అంటే మంత్రసానికి, ఎవరూ ఏమీ ఇవ్వనక్కర్లేదని, సర్కారే ఇస్తుందని, వీధి వీధికీ నిలబడి అరిచి చెప్పారు. సర్కారు వేయించిన టముకుల్లో అంత బాగా జనం చెవికెక్కింది మరొకటి లేదు.

ఆ ఏడు అక్కయమ్మ ఇరవైమూడు కాన్పులు చేసింది. ప్రతి ఇంటా ముందు పొయ్యి వెలిగించి, నీళ్ళు మరగబెట్టి, కత్తెర వేసి, మోచేతుల దాకా సబ్బుతో తోముకునేది. ముసలమ్మలు మూతులు తిప్పుకున్నారు. కానీ ఎనిమిదో రోజు గడిచింది, తొమ్మిదో రోజు గడిచింది, పిల్లలు చన్నులు పట్టుకుని గట్టిగా లాగుతూనే ఉన్నారు. ఇరవైముగ్గురిలో ఒక్కడు పోయాడు, వాడు నెలలు నిండకుండా పుట్టినవాడు. ఒక తల్లి ముందరి ముగ్గురినీ ఎనిమిదో రోజు పోగొట్టుకుంది. నాలుగోవాడు తొమ్మిదో నాడు ఏడుస్తుంటే ఆ ఏడుపు వినడానికి ఇరుగుపొరుగు వచ్చి కూర్చున్నారు. అక్కయమ్మ బతుకులో అంత సంతోషపడిన కాలం అంతకుముందు లేదు, తర్వాతా లేదు.

నూర్పిళ్ళు వచ్చాయి. చిక్కమ్మ చేట తీసుకుని బయలుదేరింది.

"వద్దత్తా. కాగితం మీద వేలు పెట్టినా," అంది అక్కయమ్మ.

"పెట్టింది నువ్వు. నేను గాదు."

చూపు ఆనని ముసలామెను ఒంటరిగా పంపలేక అక్కయమ్మ చెయ్యి పట్టుకుని నడిపించింది. మొదట వెళ్ళింది ఆంజనేయప్ప కళ్ళానికి. ఊళ్ళో పెద్ద రైతు, నాలుగు జతల ఎద్దులు. ఆ ఏడు అతని ఇంట రెండు కాన్పులు, ఇద్దరూ మగపిల్లలే. చిక్కమ్మ ఎప్పటిలాగే ఏమీ అడగకుండా చేట ముందు పెట్టి కూర్చుంది.

ఆంజనేయప్ప చేటను చూశాడు. "ఏమక్కయమ్మా, సర్కారు ఇస్తాండాదంట గదా, కాన్పుకు మూడు రూపాయలు?"

"ఇస్తామన్నారప్పా. ఇంకా ఇయ్యలే."

"ఇస్తారు లే. సర్కారు మాట తప్పుతాదా? ఇప్పుడు నేను ఇచ్చినాననుకో, నీ నోందణి పోతాదంట. నీకు కీడు చేసే పని నేనెందుకు చేయాల?"

ఆ మాట వెక్కిరింతగా అనలేదు. నిజంగా మేలు కోరేవాడిలాగే అన్నాడు. ఇద్దరికీ చెంబుతో మజ్జిగ ఇప్పించాడు. చిక్కమ్మ మజ్జిగ ముట్టలేదు. మిగతా కళ్ళాలు తిరిగి, పొద్దు వాలే వేళకు వాళ్ళు ఇంటికి వచ్చేసరికి చేట అడుగైనా నిండలేదు. ఆ కాసిని రాగులూ టముకు సంగతి తెలియని ఒక ముసలమ్మ పోసింది.

మూడు రూపాయల కోసం అక్కయమ్మ యర్రగుట్టకు నడవడం మొదలుపెట్టింది. పోను ఏడు మైళ్ళు, రాను ఏడు. మొదటిసారి రామచంద్రప్ప, ప్రతి కాన్పుకూ ఒక ఫారం ఉండాలన్నాడు. రెండోసారి ఫారాల మీద పటేలు సంతకం కావాలన్నాడు. పటేలు సహి చేయించుకుని వెళితే నర్సమ్మ సహి ఏదన్నాడు. కాన్పుకు ముందు రెండుసార్లు, తర్వాత ఒకసారి నర్సు వచ్చి చూసి రాస్తేనే ఆ కాన్పు లెక్కకొస్తుందన్నాడు.

"ఆయమ్మ మా ఊరికి సంవత్సరంలో ఒకసారి వచ్చిందప్పా," అంది అక్కయమ్మ.

"అయితే ఒకసారి వచ్చినప్పటి కాన్పుదే ఇస్తాం."

జయలక్ష్మమ్మను అడుగుదామని ఆమె ఉండే గదికి వెళ్ళింది. జయలక్ష్మమ్మ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. ఫారాలు తిరగేసి చూసి, మడిచి పక్కన పెట్టింది.

"ముప్పై రెండు పల్లెలు నాకు ఇచ్చినారమ్మా. జీపు డాక్టరు గారిది. బస్సు చార్జీ నా జీతంలోనే. నెలకు ఇన్ని కాన్పులు చేసినట్ల నా పుస్తకంలో చూపించకపోతే కొలువు పీకేస్తారు." ఆగి, గొంతు తగ్గించింది. "నీ ఊరి కాన్పులు నా పుస్తకంలో ఎక్కించినా. నేను చేసినట్లే రాసినా. ఒక కాన్పుకు ఇద్దరికి లెక్క రాదు. నాకూ తల్లి ఉండాదమ్మా, ముసలిది."

అక్కయమ్మకు వెంటనే కోపం రాలేదు. కాఫీ గ్లాసు కడిగి బోర్లించి వచ్చేసింది. దారిలో నాలుగో మైలు దగ్గర వచ్చింది కోపం. అప్పుడు దాన్ని వినడానికి రోడ్డు మీద ఎవరూ లేరు.

ఒక్కసారి మాత్రం డబ్బు వచ్చింది. యాభైతొమ్మిదిలో పదకొండు కాన్పులకు ముప్పైమూడు రూపాయలు మంజూరయ్యాయి. జయలక్ష్మమ్మే ఎట్లాగో తంటాలు పడి పదకొండింటిని తన పుస్తకం నుంచి కొట్టేసి సహి చేసింది. అక్కయమ్మ ఆ డబ్బుతో అత్తకు గొంగడి, ఇంటికి రెండు చిన్న మూటల రాగులు కొంది. రాగులు కొనడం ఆ ఇంట్లో అదే మొదలు. ఆ తర్వాత పైసా రాలేదు.

పక్క ఊరు కుంటపల్లిలో కెంపమ్మ అనే మంత్రసాని ఉండేది. ఆమె తరబేతికి వెళ్ళలేదు. ఆమెకు పెట్టె లేదు, నంబరు లేదు. కొడవలితోనే కోసేది. ఆ ఊళ్ళో టముకూ వేయలేదు కాబట్టి ఆమె పాతర ఎప్పటిలాగే నిండేది. బొమ్మసానిపల్లి వాళ్ళు ఆమె దగ్గరికి వెళ్ళేవారు కాదు. ఎందుకు వెళతారు? ఇక్కడ పిల్లలు చావడం లేదు, పైగా ఊరికే.

అక్కయమ్మ కూలికి పోవడం మొదలుపెట్టింది. వేరుశనగ కాయలు ఒలవడం, రాళ్ళు ఏరడం, కలుపు. తరబేతిలో గోళ్ళు కత్తిరించుకోమని, చేతులు పగలకుండా చూసుకోమని చెప్పారు. వేరుశనగ మట్టికి వేళ్ళు పగిలి, గోళ్ళ కింద నెత్తురు కట్టేది. పిలుపొస్తే చేలోంచి అట్లాగే పరుగెత్తి, బ్రష్షుతో తోముకుంటే పగుళ్ళు భగ్గుమనేవి. ఆ రోజు కూలి పోయేది. పిలిచినవాళ్ళకు ఆ సంగతి తట్టేది కాదు.

అరవై ఒకటిలో చిక్కమ్మ చనిపోయింది. దినం చేయడానికి ఇంట్లో గింజలు లేవు. గుట్టలో బండలు కొట్టుకుని బతికే బైరప్ప ఆ సంగతి విని చేటెడు రాగులు తెచ్చాడు. ముగ్గురు పోయాక నాలుగోవాడు దక్కింది అతని ఇంట్లోనే.

"వద్దు బైరప్పా. తీసుకోగూడదు," అంది అక్కయమ్మ.

"నీకెవరిచ్చినారు? ముసలమ్మ దినానికి ఇస్తావుండా. ఆయమ్మకు నంబరు లేదు గదా."

అక్కయమ్మ తీసుకుంది. ఆ రాగులతోనే సంగటి కెలికి దినంనాడు పదిమందికి పెట్టింది.

మరుసటి ఏడాది ఉగాది వెళ్ళిన వారానికి ఆంజనేయప్ప కోడలు సుజాతమ్మకు నొప్పులు మొదలయ్యాయి. పొద్దున్నే పిలుపొచ్చింది. అక్కయమ్మ వెళ్ళి, చేతులు తోముకుని చూసేసరికి బిడ్డ చెయ్యి ముందు వచ్చి ఉంది. చిన్న చెయ్యి, వేళ్ళు ముడుచుకుని. బయటికి వచ్చి ఆంజనేయప్పతో చెప్పింది.

"అప్పా, బిడ్డ అడ్డం తిరిగిండాది. ఇది నా చేతిలో కాదు. చిక్కబళ్ళాపురం పెద్దాసుపత్రికి తీసుకపోవాల. ఇప్పుడే బండి కట్టించండి. పదిగంటల బస్సు దొరుకుతాది."

"ఆడిదాన్ని అంతదూరం బస్సులో వేసుకపొమ్మంటావా, ఇట్లున్నప్పుడు? సర్కారు పెట్టె ఇచ్చింది, సర్కారు దుడ్డిస్తాండాది. నీ పని నువ్వు చెయ్యి."

"చేస్తే ఇద్దరూ పోతారప్పా. కాళ్ళు పట్టుకుంటా, బండి కట్టించు."

ఆంజనేయప్ప బండి కట్టించాడు, కానీ కుంటపల్లికి. కెంపమ్మ వచ్చేసరికి పదిగంటల బస్సు పోయింది. కెంపమ్మ ఆ చెయ్యి పట్టుకుని మధ్యాహ్నం దాకా లాగింది. అక్కయమ్మ గోడకు ఆనుకుని, వద్దు వద్దని అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది. ఆడవాళ్ళు ఆమెను బయటికి నెట్టారు. సుజాతమ్మ అరుపులు మూలుగుల్లోకి దిగాక గానీ ఆంజనేయప్ప బండిని రోడ్డుకు తోలలేదు. రోడ్డు చేరకముందే ఆమె పోయింది. పంతొమ్మిదేళ్ళది. బిడ్డ లోపలే పోయాడు.

కెంపమ్మను అదే బండిలో వాళ్ళ ఊళ్ళో దిగబెట్టారు. పదో నాటికి ఆంజనేయప్ప యర్రగుట్టలో అర్జీ పెట్టాడు. సర్కారు దాయి చేతగాక తన కోడలిని చంపిందని ఒక మాట. దాయి ఊళ్ళో ధాన్యం తీసుకుంటోందని రెండో మాట. రెండోది ఎవరో తెలిసినవాళ్ళు పెట్టమని చెబితే పెట్టాడు, అర్జీ గట్టిగా ఉంటుందని.

విచారణకు అక్కయమ్మను, కొందరు ఊరివాళ్ళను పిలిచారు. కెంపమ్మను పిలవలేదు. ఆమె పేరు ఏ పుస్తకంలోనూ లేదు కాబట్టి ఆమెను ఏమీ అడగడానికి లేదు. డాక్టరు బెంగళూరు నుంచి కొత్తగా వచ్చిన పిల్లవాడు. అక్కయమ్మ చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. చెయ్యి ముందొచ్చిన కాన్పు దాయి పని కాదని, ఆమె ఆసుపత్రికి పొమ్మనడం సరైన పనేనని, చావుకు ఆమె బాధ్యురాలు కాదని రాయించాడు. అక్కయమ్మ కొంగు సర్దుకుని ఇంటికి బయలుదేరబోయింది. విచారణ అంతటితో అయిపోయిందనుకుంది.

అప్పుడు రామచంద్రప్ప గొంతు సవరించుకుని రెండో మాట చదివాడు. ధాన్యం ఇచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు. ఎవరూ పలకలేదు. ఎవరూ ఇవ్వలేదు మరి. వెనకనుంచి బైరప్ప లేచి ముందుకొచ్చాడు. అక్కయమ్మకు మేలు చేసే మాట చెప్పడానికి తనకు వేళ వచ్చిందనుకున్నాడు పాపం.

"నేనిచ్చినా దొరా. చేటెడు రాగులు నా చేత్తో ఇచ్చినా. ఆయమ్మ వద్దన్నా ఇచ్చినా. నాలుగో బిడ్డను నాకు దక్కించిన తల్లి. ఇట్లాంటి మనిషి ఈ సీమలో లేదు."

రామచంద్రప్ప మొదటి రెండు ముక్కల వరకే రాసుకున్నాడు.

డాక్టరు రామచంద్రప్ప రాసింది తీసుకుని చదివాడు. కట్టడి కట్టడేనని, తన చేతిలో ఏమీ లేదని చివరికి కన్నడంలో అన్నాడు. పదిహేడో నంబరు కొట్టేశారు. మంజూరు కావలసి ఉన్న ఫారాలు అరవై పైన ఉన్నాయని అక్కయమ్మ గుర్తుచేస్తే, నోందణి లేనివాళ్ళకు అవి చెల్లవన్నాడు రామచంద్రప్ప. పెట్టె తెచ్చి అప్పగించమన్నాడు.

"కత్తెరైనా ఇడవండప్పా. పిల్లోళ్ళ కోసం."

"సర్కారు సొత్తమ్మా అది."

జయలక్ష్మమ్మ వరండాలో నిలబడి ఉంది. అక్కయమ్మ బయటికి రాగానే చేతి గడియారం చూసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. బైరప్ప ఏడు మైళ్ళూ ఆమె వెనకే నడిచాడు. ఒక్కసారి "నేనేమైనా తప్పు చెప్పినానా అక్కా?" అన్నాడు. ఆమె అడుగు వేగం పెంచింది. నోరు తెరిస్తే ఏమనేస్తుందోనని ఆమెకే భయం.

పెట్టె పోయింది కదా, ఇక కట్టడి లేదు కదా, ఆ ఏటి నూర్పిళ్ళకు పాత మర్యాద తిరిగి వస్తుందని అక్కయమ్మ లోపల ఎక్కడో అనుకుంది. కళ్ళాలకు వెళ్ళలేదు గానీ వాకిట్లో చేట కడిగి ఆరబెట్టింది. ఎవరూ రాలేదు. ఒకరోజు బావి దగ్గర, అక్కయమ్మ చేతిలో పుట్టిన బిడ్డను చంకనేసుకున్న ఒకామె పక్కామెతో అనడం వినబడింది. "ఐదేండ్లు సర్కారు దుడ్డు తినింది. ఇప్పుడు మనమియ్యాలంటనా?"

పిలుపులు మాత్రం ఆగలేదు. అక్కయమ్మ వెళ్తూనే ఉంది. కత్తెర లేకుండా మొదటి కాన్పుకు వెళ్ళినప్పుడు ఆ ఇంటివాళ్ళు కొడవలి అందించారు. దాన్ని బూడిదతో తోమి, గంటసేపు మరగబెట్టి గానీ వాడలేదు. ఎనిమిదో రోజు వరకు రోజూ వెళ్ళి ఆ బిడ్డ దవడ తడిమి చూసేది. తొమ్మిదోనాడు ఇంట్లో ఉన్న మూడు కోళ్ళను గంపలో పెట్టుకుని చింతామణి సంతకు వెళ్ళింది. అవి అమ్మి ఒక కత్తెర, రెండు సబ్బులు కొంది. దర్జీలు వాడే కత్తెర, పొడుగ్గా, బరువుగా ఉంది. బస్సుకు డబ్బు మిగలక ఒక ఎద్దుల బండివాణ్ణి బతిమాలి సగం దూరం వచ్చి, మిగతాది నడిచింది.

అరవైమూడు మాఘమాసంలో, గూళూరు రోడ్డుకు కంకర కొట్టే కూలీలు ఊరి బయట గుడిసెలు వేశారు. ఎక్కడినుంచో వచ్చిన జనం. ఒకనాటి మధ్యాహ్నం ఒక మనిషి వెతుక్కుంటూ వచ్చాడు. పెండ్లానికి తొలికాన్పు అన్నాడు. అక్కయమ్మ కత్తెర, సబ్బు మూటగట్టుకుని లేచింది. అతను వాకిట్లోనే ఆగిపోయాడు.

"ముందే చెప్పు తల్లీ. ఎంత తీసుకుంటావు? మళ్ళీ జగడం పెట్టుకోకూడదు."

అతనికి ఆ ఊరి మర్యాద తెలియదు. ఏ ఊళ్ళోనూ నాలుగు నెలలు ఉండనివాడు, ఏది కొన్నా ముందు ధర అడిగి కొనడం అలవాటైనవాడు. అక్కయమ్మ అతని మొహం చూసింది. ఇరవై ఏళ్ళుగా ఏ నోరూ ఆమెను ఆ మాట అడగలేదు.

"ఆరు రూపాయలు," అంది.

చెప్పాక గానీ తాను చెప్పినట్టు ఆమెకు తెలియలేదు.

"ఆరా! కంకర కొట్టేవాళ్ళం తల్లీ. మూడిస్తా."

"ఐదు."

"అంత ఉంటే నేను ఇట్లుంటానా? నాలుగు."

అక్కడినుంచి గుడిసెలు కనబడుతూనే ఉన్నాయి. అతని పెండ్లాం అరుపు గాలికి వచ్చింది. ఇద్దరూ విన్నారు. అతను చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుని ఆమె ఏమంటుందా అని చూస్తున్నాడు. కదలలేదు. అక్కయమ్మా కదలలేదు.

"నాలుగున్నర. ఈడ పెట్టు," అంది.

అతను లెక్కపెట్టి ఇచ్చాడు. ఆమె కొంగుకు ముడి వేసుకుని, అప్పుడు పరుగెత్తింది.

ఆడపిల్ల పుట్టింది. బాగానే పుట్టింది. తల్లికి వేడినీళ్ళతో స్నానం చేయించి, బిడ్డకు గుడ్డ చుట్టి పక్కన పడుకోబెట్టాక, ఆ తల్లి అక్కయమ్మ చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఇంతకాలం ఆ చేతిని కళ్ళకద్దుకున్నవాళ్ళ తల నిమిరేది అక్కయమ్మ. ఈసారి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఇంటికొచ్చి, కొంగుముడి విప్పకుండానే పడుకుంది.

మరునాడు ఆ డబ్బుతో రాగులు కొంది. కడుపునిండా తింది. వారం తిరక్కముందే ఊరంతా తెలిసింది, అక్కయమ్మ ధర పెట్టిందని. తిట్టారు. ముసలమ్మ ఉండి ఉంటే చెప్పుతో కొట్టేదన్నారు. తిట్టినవాళ్ళే నొప్పులొచ్చినప్పుడు మగవాళ్ళను పంపి, "ఎంతంట?" అని అడిగించారు. ఐదు రూపాయలు, సబ్బు వేరే. బేరం చేసేవారు. అక్కయమ్మకూ బేరం అలవాటయింది. ఎంత దాకా నిలబడాలో, ఏ అరుపుకు మెత్తబడాలో, ఏ అరుపుకు ఇంకా వేళ ఉందో ఆమె చెవికి తెలుసు. ఆ తెలివిని ఆమె అందుకు నేర్చుకోలేదు.

ఆంజనేయప్ప ఇంటి తర్వాతి కాన్పులు చిక్కబళ్ళాపురంలో జరిగాయి. ఎనిమిదో నెలలోనే కారు మాట్లాడి తీసుకెళ్ళేవాడు. మెల్లగా మరో ఏడెనిమిది పెద్ద ఇళ్ళూ ఆ దారే పట్టాయి. ధర కట్టి పిలవాల్సివస్తే పెద్దాసుపత్రికే పోదామనుకున్నారు. అక్కయమ్మ దగ్గర మిగిలింది బస్సు చార్జీ లేనివాళ్ళు. ఒకప్పుడు గుమ్మడికాయ తెచ్చినవాళ్ళు, కందికట్టె తెచ్చినవాళ్ళు, చేలో కలుపు తీసి పోయినవాళ్ళు. ఇప్పుడు వాళ్ళు ఐదు రూపాయలు అప్పు చేసి తెచ్చేవారు. ఏ ఇంట్లో అప్పు చేశారో అక్కయమ్మకు తెలుసు. ఎక్కువసార్లు అది ఆంజనేయప్ప ఇల్లే.

కరువొచ్చిన అరవై ఆరులో ఒకరోజు చింతామణి బస్టాండులో జయలక్ష్మమ్మ కనబడింది. జుట్టు ముందర నెరిసింది. బదిలీ మీద పోతున్నానని, యర్రగుట్టకు కొత్త నర్సు వస్తోందని చెప్పింది. 

"నీకు అన్యాయం చేసినానమ్మా," అంది జయలక్ష్మమ్మ. "కొత్తామెకు చెప్పి నీ పేరు మళ్ళీ రాయిస్తా. ఇప్పుడు కాన్పుకు ఐదు చేసినారు."

"యాడిస్తారు?"

"యర్రగుట్టలోనే."

అక్కయమ్మ తల అడ్డంగా తిప్పింది. "నువ్వు కొడవలి సంగతి చెప్పినావు. అది చాలు నాకు. ఆ మేలు మరవను," అంది. "మిగతాది వద్దమ్మా."

గూళూరు బస్సు వచ్చింది. జనం తోసుకుంటున్నారు. జయలక్ష్మమ్మ పర్సు తీసి, బస్సు చార్జీ తానిస్తానంది. అక్కయమ్మ ఆ చేతిని పక్కకు నెట్టి, ఎక్కి, వెనక మెట్టు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడింది. మరునాడు గుట్టలో బండలు కొట్టేవాళ్ళ కొట్టాల నుంచి కాన్పుకు పిలుపొచ్చింది. వాళ్ళు మూడు రూపాయలే తెచ్చారు. మిగతా రెండూ తెచ్చేదాకా ఆమె తన వాకిట్లోనే కూర్చుంది.